గేట్ త్రీ దగ్గర నిండు సీసా

మార్చి చివర్లో గచ్చిబౌలిలో దిగాను. సైన్యం వదిలాక అది నా మొదటి ఉద్యోగం. ఒక ఐటీ క్యాంపస్, నాలుగు గేట్లు, చుట్టూ అద్దాల భవనాలు. రాజస్థాన్‌లో ఇసుక మీద నిలబడిన దాన్నే. కానీ అక్కడ ఎండ పైనుంచే వచ్చేది. ఇక్కడ అద్దాల్లోంచి కూడా కొట్టేది.

నాకిచ్చిన పని చిన్నదే. పెట్రోలింగ్ బృందంలో చేరాలనుకునే మహిళా గార్డులను ఎనిమిది వారాల్లో పరుగు పరీక్షకు సిద్ధం చేయాలి. ఎవరికీ దెబ్బ తగలకూడదు.

సైన్యంలో నాది సిగ్నల్స్. మనుషుల ఎదురుగా నోరు పెగలదు, వైర్‌లెస్ చేతిలో ఉంటే పర్వాలేదు. అందుకే ఆదేశాలు డైరీలో రాసుకుని చదివేదాన్ని. మొదటి వారం నడక మాత్రమే. తర్వాత నడక మధ్యలో కొద్దిగా పరుగు. మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత వేగం చాలు. మోకాలు నొప్పిపెడితే ఆగాలి. వరుసగా రెండు రోజులు పరుగు వద్దు. నీళ్ళ సీసా తప్పనిసరి.

షిఫ్టు నాలుగింటికి దిగేది. నాలుగున్నరకు పార్కింగ్ భవనం నీడలో మొదలుపెట్టేవాళ్ళం.

గేట్ త్రీ గార్డు ఒక్కరోజు కూడా మానలేదు. మహబూబ్‌నగర్ వైపు మనిషి, మణికొండలో కిరాయి గది.

"ఏంది మేడమ్, గింత మెల్లగనా? మా మేకలు గూడ దీనికన్న జల్ది ఉరుకుతయి."

"మేకలకు పరీక్ష లేదుగా అక్కా," అన్నాను. అందరూ నవ్వారు.

పెట్రోలింగ్ ఎందుకని అడిగాను.

"ఒక్కకాడ నిలబడే బాధ పోతది. నడుమ బాత్రూంకు పోయినా ఎవలడుగరు."

మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను.

పరుగుకు ముందు సీసాలు తనిఖీ చేసేదాన్ని. ఆమెది ఎప్పుడూ మెడదాకా నిండి ఉండేది. బాగుందనుకున్నాను.

ఆరో వారం. మే నెల, గాలి లేదు. రెండో చుట్టులో ఆమె మాటలు ఆగిపోయాయి.

"మాట్లాడండి అక్కా."

"దూప అయితలేదు మేడమ్."

దాహం గురించి నేను అడగలేదు. ఆపమని చేయి ఎత్తేలోపే కాళ్ళు మెలికపడి పడిపోయింది. ఒళ్ళు పొయ్యిలా ఉంది. చెమట లేదు. వైర్‌లెస్ అందుకున్నాను.

"కంట్రోల్, పార్కింగ్ భవనం. గేట్ త్రీ గార్డు పడిపోయింది. అంబులెన్స్ కావాలి."

"గేట్ త్రీనా? ఇయ్యాల షిఫ్టు నడుమ ఆమెకు రిలీవర్ రాలే మేడమ్."

"మళ్ళీ చెప్పండి."

"పొద్దుగాల ఎనిమిదింటి సంది నాలుగైందాక ఆమె గేటు దిగలే."

బూట్లు విప్పాం. చున్నీలు తడిపి మెడ మీద, చంకల్లో వేశాం. గేట్ వన్ అమ్మాయి అట్టముక్కతో విసురుతూ తల ఎత్తకుండా చెప్పింది. "రిలీవర్ రాందే గేటు ఇడ్వొద్దు మేడమ్. బాత్రూం ఆ చివర బేస్‌మెంట్ల. గందుకే షిఫ్టుల ఎవలం నీళ్ళు తాగం. సీసాలు మీరు చూస్తరని నింపుకొస్తం."

ఆమె బతికింది. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఆమె అన్న వచ్చి దవాఖాన నుంచి ఊరికి తీసుకుపోయాడు. ఎండలో నిలబడే పని ఇక వద్దన్నారట. పెట్రోలింగ్ ఆమెకు రాలేదు.

మిగిలిన రెండు వారాలు షిఫ్టు మధ్యలో గేటు గేటుకూ నేనే రిలీవర్‌గా నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళివచ్చి, నా ఎదుట నీళ్ళు తాగేవాళ్ళు. సాయంత్రం పరుగు ఆపలేదు, వేగం పెంచలేదు. మిగతావాళ్ళందరూ పరీక్ష నెగ్గారు.

కాంట్రాక్టు ముగిసి మూసాపేటలో మా ఇంటికి వచ్చేశాను. ఇప్పటికీ రోజు విడిచి రోజు పరిగెడతాను. బయల్దేరే ముందు నీళ్ళు తాగుతాను. సీసా ఎత్తిన ప్రతిసారీ అదే కనబడుతుంది. ఆమె పడిన మర్నాడు, మధ్యాహ్నం, గేట్ త్రీ. ఖాళీ స్టూలు మీద ఎవరో తెచ్చిపెట్టిన ఆమె సీసా. మూత తీయలేదు. నీళ్ళలోంచి దూరిన ఎండ నేలమీద చిన్న వెలుగుమచ్చై వణుకుతోంది.