బిళ్ళలమ్మ సరి-బేసి లెక్క

బిళ్ళలమ్మకు కోపం వచ్చినప్పుడు పాలగిన్నె పొయ్యి మీద పెట్టక్కర్లేదని, ఆవిడ ఎదురుగా పెడితే చాలని ఆ వీధిలో వాళ్ళు ఒట్టేసి చెబుతారు. ఒట్టులో సగం తీసేసినా మిగిలిందానికి చెయ్యి కాలుతుంది. ఆటవస్తువులు చేసే షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఒకటే: అరచేతిలో పట్టే చదరపు డబ్బాలో ఒకటి నుంచి పదిహేను దాకా అంకెల బిళ్ళలు బిగించడం. పదహారో గడి ఖాళీ. ఆ ఖాళీలోకి బిళ్ళలను జరుపుతూ అంకెలను వరసలో పెట్టాలి. అదే ఆట.

ఆ సాయంత్రం కోడలు ఏడ్చిన కళ్ళతో ఇంటికొచ్చింది. పార్సిళ్ళ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగాలకు పరీక్ష. చకచకా సర్దే బుర్రలెవరివో తేల్చడానికి అక్కడి ఆఫీసరు నలభై మందికి నలభై డబ్బాలిచ్చి అరగంట గడువు పెట్టాడు. కోడలు తప్పింది.

"బుర్రలో మట్టి ఉందన్నాడత్తయ్యా, అందరి ముందూ. ఇంటికి పట్టుకెళ్ళి నేర్చుకోమని డబ్బా ఒళ్ళోకి విసిరాడు."

"మట్టయితే మొక్కైనా మొలిచేది. నీ దగ్గర అదీ లేదు," అంది బిళ్ళలమ్మ. "ఈ బిళ్ళల కూడు తినే ఇంటి కోడలివి! ఇటు తే. నీళ్ళు కాగేలోపు పేర్చి చూపిస్తా."

డబ్బా అందుకుంది. పన్నెండు దాకా అన్నీ వరసలోనే ఉన్నాయి. ఆ కింద పదమూడు, పదిహేను, పధ్నాలుగు. బిళ్ళలమ్మ డబ్బా వెనక్కి తిప్పి చూసింది. బిగించిన మనిషి గుర్తు ఏడు. షెడ్డులో ఏడో నంబరు ఆవిడే.

"ఏమైందత్తయ్యా?"

"మట్టి నీ బుర్రలో కాదే. నా నోట్లో."

పాత మేస్త్రీ ఉన్నన్నాళ్ళూ బిళ్ళలను వరసగా బిగించి, తర్వాత జరిపి జరిపి కలిపేవాళ్ళు. కొత్త యజమాని వచ్చి, "ఎలాగూ కలిపే ఆటే కదా, చేతికందినట్టు బిగించెయ్యండి" అన్నాడు. సగం డబ్బాలు ఎప్పటికీ కుదరవని బిళ్ళలమ్మ చెబితే నవ్వాడు. ఆవిడ నోరు మూసుకుని బిగించింది. కోడలి డబ్బా ఆ సగంలోది.

సంగతి కొత్తదేం కాదు. నూట నలభై ఏళ్ళ కిందట ఈ ఆట జనానికి పిచ్చెక్కించినప్పుడే, ఎలా పడితే అలా బిగిస్తే సగం అమరికల నుంచి వరసకు దారే లేదని ఇద్దరు లెక్కల మాస్టార్లు కాగితం మీద తేల్చేశారు. కదలిక మీద కదలిక వేసుకుంటూ పోతే ఎక్కడికి చేరతాం, ఎక్కడికి ఎన్నటికీ చేరలేం అని తేల్చే ఆ విద్యకు సమూహ సిద్ధాంతమని పేరు. స్ఫటికాల సౌష్ఠవాన్ని లెక్కగట్టేదీ అదే. ఆ పేరు కూడా వినని మేస్త్రీ దాన్ని బిళ్ళలమ్మకు టీ తాగుతూ నేర్పాడు.

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికి అత్తాకోడళ్ళిద్దరూ ఆఫీసరు బల్ల ముందున్నారు.

"పేర్చండి," అంది బిళ్ళలమ్మ, డబ్బా ముందుకు తోసి. "మీ బుర్రలో బంగారమేగా!"

గుమాస్తాలు చుట్టూ చేరారు. తప్పించుకోవడానికి లేక ఆఫీసరు మొదలుపెట్టాడు. అరగంట, గంట. ఎటు తిప్పినా చివర పదిహేను, పధ్నాలుగు. ఆఖరికి అందరూ టీ కోసం అటు తిరగ్గానే పెన్ను మూతతో ఒక బిళ్ళ పైకి పీకబోయాడు.

"అయ్యో, అలా పీకితే మా కోడలూ పాసయ్యేదిగా బాబూ!"

ఆఫీసరు మొహం కందగడ్డయింది.

"ఈ గడులకి చదరంగం బల్లలా నలుపూ తెలుపూ వేసుకోండి. జరిపినప్పుడల్లా ఖాళీ రంగు మారుతుంది. అది మళ్ళీ ఈ మూలకే రావాలంటే సరిసంఖ్యలో జరపాలి. ఒక్కో జరుపూ ఖాళీకీ బిళ్ళకీ ఒక తారుమారు. మీక్కావలసింది పధ్నాలుగుకీ పదిహేనుకీ ఒకే ఒక్క తారుమారు, అంటే బేసి. సరి అడుగులేసి బేసి ఊరు చేరతారా?"

"అసలిది బిగించిన దద్దమ్మ ఎవరు?"

"నేనే. ఇవాళ నా పని ఊడుతుంది, ఊడనీండి. తెలిసీ బిగించడం నా తప్పు. తెలియకుండా మనుషుల్ని మట్టనడం మీ తప్పు. మిగతా డబ్బాలు తెప్పించండి."

నేల మీద చతికిలపడి, ఒక్కో డబ్బాలో ఖాళీని చివరి మూలకు తెచ్చి, ఒక్కో బిళ్ళ తర్వాత దానికన్నా చిన్నవి ఎన్నున్నాయో లెక్కపెట్టింది. మొత్తం బేసి వస్తే ఎడమకు, సరి వస్తే కుడికి. కోడలి డబ్బాతో కలిపి ఎడమన పంతొమ్మిది తేలాయి. ఒక గుమాస్తా జాబితా తెచ్చి, డబ్బాల మీది పరీక్ష నంబర్లతో పోల్చి చూశాడు. ఆ పంతొమ్మిది డబ్బాలు అందుకున్నవాళ్ళలో ఒక్కరూ గట్టెక్కలేదు.

ఆఫీసరు పళ్ళు కొరుకుతూ కాగితం మీద రాశాడు: "ఈ పంతొమ్మిది మందికి దయతో మరొక అవకాశం ఇవ్వడమైనది."

అంతదాకా నోరెత్తని కోడలు కాగితం లాక్కుని చదివింది. ఆయన చేతిలోని పెన్ను తీసుకుని 'దయతో' అన్న మాట మీద కాగితం చిరిగేంత గట్టిగా గీత కొట్టింది.

"ఇప్పుడు సంతకం పెట్టండి," అంది.

ఆఫీసరు పెట్టాడు.