దానమ్మ వెనక్కి నడిచి అప్పజెప్పిన పాఠం

కర్లపాలెం శివారు పేటలో ఉండే దానమ్మకి ఒక్కటే కోరిక, చర్చిలో అందరితోపాటు ప్రభు భోజనం తీసుకోవాలని. కోరడానికి ఇంకేమీ లేక కాదు. ఇది మాత్రం ఇరవై ఏళ్ళుగా అందకుండా పోతోంది. ఆ రొట్టె, ద్రాక్షరసం అందుకోవాలంటే ముందు మతపాఠంలోని ఇరవైనాలుగు ప్రశ్నలకీ సంఘం ముందు జవాబులు అప్పజెప్పాలి. చదువుకున్న ఇళ్ళ పిల్లలు పద్నాలుగో ఏటే ఆ పని కానిచ్చేస్తారు. ఆ వయసులో దానమ్మ చేలల్లో పరిగె ఏరుకుంటోంది. అందుకని ప్రభు భోజనం వేళకి గుమ్మం పక్కనున్న చాప మీంచి లేచి బయటికి వెళ్ళిపోయేది. ఎవరూ పొమ్మనలేదు, నిజమే. ఉండమన్నవాళ్ళూ లేరు.

1986లో నాట్లు పడ్డప్పుడు రిబ్కా టీచరు ఒక ఉపాయం చేసింది. బాపట్లలో ట్రైనింగై వచ్చి పేట బడిలో పనిచేసే మనిషి. సాయంత్రం పాఠానికి పిలిస్తే ఆడకూలీలు కూర్చున్నచోటే కునుకు తీస్తున్నారని, సెలవురోజుల్లో తనే వాళ్ళు నాట్లేసే ఆసామి శివరామయ్య గారి చేలోకి వెళ్ళి, గట్టు మీద గొడుగేసుకుని ప్రశ్నలు చదివేది. బురదలో వంగినవాళ్ళు నారు గుచ్చుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ జవాబు చెప్పేవాళ్ళు. నెల తిరిగేసరికి దానమ్మకి అన్నీ నోటికొచ్చాయి. పక్కమనిషి తడబడితే "అది కాదే పిల్లా" అని దిద్దేది కూడా.

ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం నాడు తెల్లచీర కట్టుకుని చర్చిలో పాస్టరు అయ్యగారి ముందు నిటారుగా నిలబడింది. మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. అంతే, ఒక్క ముక్క రాలేదు. మరుసటేడు భయంతో వారం ముందునుంచే కంటిమీద కునుకు లేదు. నిద్ర లేకపోతే చదువు నిలవదని ఎవరో అంటే, నిద్రమాత్రలు తెప్పించుకుని శనివారం రెండు మింగింది. పడుకోవడమైతే పడుకుంది గానీ, తెల్లారి మొదటి ప్రశ్నకి తొమ్మిదో జవాబు చెప్పింది. జనం నవ్వారు. నవ్విన వాళ్ళలో సగం మంది ఆ జవాబులు ఎప్పుడో మర్చిపోయారు, అది వేరే సంగతి.

"వచ్చే ఏడు చూద్దాంలేమ్మా," అన్నారు అయ్యగారు.

"నాది మట్టిబుర్రండి టీచరుగారూ. ఇంక నన్నొదిలేయండి," అంది దానమ్మ. సిగ్గుతో ఆ రోజు పొయ్యి కూడా వెలిగించలేదు.

రిబ్కా వదల్లేదు. ఆ ఏడు నాట్లలో గట్టు మీద నిలబడి చూసింది. ఎవరూ అడక్కుండానే దానమ్మ జవాబులు గొణుక్కుంటూ పోతోంది. మంచినీళ్ళకని నిలబడగానే ఆగిపోయింది. మళ్ళీ వంగి నారందుకోగానే పాఠమూ అందుకుంది. ఏ తీరున నేర్చుకున్నది ఆ తీరునే తేలిగ్గా గుర్తొస్తుందని ట్రైనింగులో సైకాలజీ మాస్టారు చెప్పింది రిబ్కాకి అప్పుడు తట్టింది. పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని, అక్కడే వదిలేసొచ్చిన పాఠం అది.

"మాత్రలు మానెయ్యి దానమ్మత్తా. వాటి మత్తు తెల్లారినా దిగదు. చేలో ఎలా చెప్తావో అక్కడా అలాగే చెప్పు."

"చర్చిలో వంగితే నవ్వరాండీ?"

"ఇప్పటిదాకా నవ్వకుండా ఉన్నారా ఏంటి?"

మూడో ఏడు, మట్టలాదివారానికి ముందురోజు దానమ్మ పొద్దస్తమానం మినుము పీకింది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు. చాప మీద వాలిందే తెలుసు.

అయ్యగారు మొదటి ప్రశ్న అడిగారు. దానమ్మ కొంగు బిగించి, నడుం వంచి, ఎడమచేతిలో లేని నారుని కుడిచేత్తో తీసి గుచ్చినట్టు వేళ్ళు కదిపింది. ఒకడుగు వెనక్కేసి జవాబు చెప్పింది. ఎవరో కిసుక్కుమన్నారు. రెండో ప్రశ్న, ఇంకో అడుగు. మూడోదీ దాటింది. పదో ప్రశ్నకి చాపల మీదున్న ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. నవ్వు ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు. మనిషి దూరమైపోతుంటే అయ్యగారే గొంతు పెంచి అడగాల్సి వచ్చింది.

ఇరవైనాలుగో జవాబు ముగిసేసరికి మడమ గడపకి తగిలింది. నడుమెత్తి చూసుకుంటే, ఎప్పుడూ లేచి వెళ్ళిపోయే గుమ్మంలోనే ఉంది. లోపల ముందువైపు ప్రభు భోజనం వేళైంది. అలవాటు కొద్దీ దానమ్మ బయటికి కాలు పెట్టబోయింది.

"ఆగమ్మా దానమ్మా," అన్నారు అయ్యగారు. ముందు మోకాళ్ళూనిన వాళ్ళందరినీ దాటుకుని, రొట్టె పళ్ళెంతో గుమ్మం దాకా నడిచొచ్చారు. నారు పట్టినట్టే ముడుచుకుపోయిన ఆమె వేళ్ళు విచ్చుకునేదాకా ఆగి, మొదటి ముక్క ఆమె చేతిలో పెట్టారు.