కాయితం వచ్చాక కట్టిన గట్టు

మావయ్య పోయారన్న కబురు మాకు రైల్లో వచ్చింది. బిలాస్‌పూర్ దగ్గరి కోటా స్టేషన్లో పాసింజరు ఆగగానే గార్డు దిగి, డ్యూటీలో ఉన్న మా ఆయన భుజం మీద చెయ్యి వేసి చెప్పాడట. ఆయన ఇంటికొచ్చి "నాన్న..." అంటూ గుమ్మంలోనే కూలబడ్డారు. దొరికిన బండెక్కి బిలాస్‌పూర్ వెళ్ళాం.

మావయ్య అంటే మా ఆయన తండ్రి. విజయనగరం వైపు నుంచి తాపీ పట్టుకుని బిలాస్‌పూర్ వచ్చి, రైల్వే కంపెనీలో మేస్త్రీగానే ముసలివారయ్యారు. ఆయన్ని తలుచుకుంటూ మంచి నాలుగు మాటలు రాయమన్నారు మీరు. రాస్తాను. మంచితో పాటు నా కడుపుమంట కూడా వస్తే మీరు ఏమీ అనుకోకండి.

దొరల బంగళాల్లో స్నానాల గదికి గట్టు కట్టాలంటే ఆయన్నే పిలిచేవారు. ఒక దొరకి నిలబడి జల్లు కింద స్నానం చెయ్యాలని సరదా పుట్టింది. పైన రేకు తొట్టి, దానికి చిల్లుల మూతి. నీళ్ళు మాత్రం పక్కగదిలో తివాచీ మీదకి పోకూడదు. మావయ్య ఇటుకలు ఒక రోజంతా నానబెట్టి, సున్నంలో ఇటుకపొడి కలిపి, బెల్లంనీళ్ళూ కరక్కాయనీళ్ళూ పోసి నూరించారు. నేల తవ్వి లోపలినుంచి గట్టు లేపారు.

"గట్టు నేలమీద కూకోకూడదమ్మా, నేల్లోంచి లేవాల. కూకున్న గట్టు కిందనుంచి నీరు జారిపోతాది," అనేవారు నాతో. గట్టిపడ్డాక తూము మూసి, నీళ్ళు నింపి, మట్టం దగ్గర బొగ్గుతో గీత గీసి వచ్చారు. మర్నాడు నీరు గీతమీదే ఉందట. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

మా క్వార్టరు సంగతి మాత్రం అడక్కండి. వంటింటి మూల గోనెపట్టా కట్టుకుని స్నానం. నేల వాటం వంటింటివైపే. ఎవరు స్నానం చేసినా నీళ్ళు గడపదాకా వచ్చి జిడ్డుకట్టేవి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. గోడ పట్టుకుని నడిచేది.

"మావయ్యా, ఊరందరికీ కడతారు, మనకో నాలుగిటుకలు పెట్టలేరా?" అన్నాను ఓరోజు, పొయ్యి ఊదుతూ.

"ఇది కంపెనీ ఇల్లమ్మా. అర్జీ ఎట్టినాను, కాయితం రావాల. పక్క లైన్లో కాయితం నేకుండా ఆవుకి గోడ కట్టినోడి గతి ఏటయిందో సూసినావు కదా? సామాన్లు ఈదిలో పడీసినారు."

"అచ్ఛా! రానీ, రానీ. ఆ కాయితం పరుసుకునే తానం చేస్తాను," అంది అత్తయ్య. ముగ్గురం నవ్వాం.

ఊరికే కూర్చున్నారని కాదు. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు వంగుని, గోనెగుడ్డతో ఆ తడి ఒత్తి, పిండి పారబోసేవారు. మగాడు నేల తుడుస్తున్నాడని క్వార్టర్ల లైనంతా నవ్వింది. ఆయన లెక్కచెయ్యలేదు. అలాంటి మనిషిని ఏమని తిట్టను?

వానాకాలంలో ఒక పొద్దున్న ఆయన వెళ్ళాక అత్తయ్య స్నానం చేసి వస్తూ ఇత్తడి చెంబుతో సహా జారిపడింది. తుంటి విరిగింది. మంచం పట్టిన మనిషి మరి లేవలేదు, చలికాలం వెళ్ళకుండానే పోయింది.

పెద్దకర్మ అయిన వారానికి కాయితం వచ్చింది.

"ఇప్పుడెందుకు? పొయ్యిలో పెట్టండి!" అని అరిచాను. మావయ్య పెరట్లోకి వెళ్ళి ఇటుకలు నానబోశారు. నాలుగు రోజులు ఒక్కరే కట్టారు. చివర్న గట్టు అంచు తాపీతో నున్నగా పామి, నా మొహం చూడకుండా, "నువ్వున్నావు కదమ్మా. నువ్వు పడిపోకూడదు," అన్నారు.

ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు. నేనేం తక్కువ తిన్నాను? బంకమట్టితోనైనా ఒక వరస పెట్టి ఉండొచ్చు. పెద్దాయన వద్దన్నారని చేతులు ముడుచుకున్నాను.

తర్వాత మా ఆయనకి కోటా బదిలీ అయింది, మావయ్య ఒంటరిగా ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ఇప్పుడు ఆయన కర్మలయ్యాక క్వార్టరు అప్పగించాల్సి వచ్చింది. ఇనస్పెక్టరు మనవాడే, శ్రీకాకుళం మనిషి. పుస్తకం పట్టుకుని ఇల్లంతా చూస్తూ గట్టు దగ్గర ఆగాడు. తప్పుపడతాడనుకున్నాను. గబగబా ట్రంకుపెట్టెలోంచి కాయితం తెచ్చి చేతికిచ్చాను.

"దీనికి కాయితవేటమ్మా?" అన్నాడు ఆశ్చర్యంగా. "గోడలకీ కప్పులకీ అయితే అడుగుతాం. తానాల గట్టుకి ఎవులడుగుతారు?"

"మరి మీ ఆఫీసువాళ్ళే ఇచ్చారు కదండీ?"

"అడిగితే ఇస్తారు. అడక్కపోతే ఎవులికీ పట్టదు."

మా ఆయన గోడవైపు తిరిగిపోయారు. ఈ మాట వినడానికి మావయ్య లేరు, అదే నయమనుకున్నాను. ఇనస్పెక్టరు కాయితం నా చేతిలో పెట్టేసి, ఆ గట్టు మీద బూటుకాలు ఆనించి, ఊడిన లేసు బిగించి కట్టుకుని, కిటికీలు చూడ్డానికి ముందుగదిలోకి వెళ్ళాడు.