బ్రిజిట్ వయసు, సుబ్బరత్నమ్మ వయసు

సుబ్బరత్నమ్మకు వయసులు రెండు. ఒంటికి నలభై ఎనిమిది, పాస్‌పోర్టుకు యాభై ఆరు. ముప్పై నిండని ఆడదాన్ని ఇంటిపనికి గల్ఫ్ పంపరాదని రూలుంటే, రాయచోటి ఏజెంటు ఇరవై మూడేళ్ల పిల్లను ఒక్క పూటలో ముప్పై ఒకటికి పెంచాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఆ మహానుభావుడు ఒకే ఒక్క అబద్ధంతో విమానమే ఎక్కించాడు.

ఇన్నేళ్లూ ఆ దొంగ ఎనిమిదేళ్లు ఆమె జోలికి రాలేదు. ఇప్పుడొచ్చాయి. గల్ఫ్‌లో ఎగైలా అనే పేటలో ఆమె పనిచేసేది మోరీన్ అనే ఐర్లండు టీచరమ్మ ఇంట్లో. అరబ్బు ఇళ్లలో యజమానురాళ్లను పిలిచిన అలవాటు కొద్దీ, తనకన్నా చిన్నదైన ఆమెను కూడా మామా అనే పిలుస్తుంది. వచ్చే నెలతో ఇఖామా, అంటే అక్కడ ఉండి పనిచేసే పర్మిట్టు, అయిపోతుంది. యాభై ఆరేళ్ల మనిషి చేత చాకిరీ చేయించడానికి మనసొప్పడం లేదని, ఇక ఊరికి పోయి హాయిగా ఉండమని మామా ప్రేమగా చెప్పింది. ప్రేమకేం, బోలెడు. సగంలో ఆగిన ఇంటికి స్లాబు పడాలంటే మాత్రం ఇంకో రెండేళ్ల పని కావాలి.

ఈ మామాకు ఒక పిచ్చి ఉంది. నూరేళ్ల కిందట ఐర్లండు నుంచి అమెరికా ఓడెక్కిన బ్రిజిట్ అనే తన ముత్తవ్వను వెతకడం. ఓడ ప్రయాణికుల జాబితాలు, అక్కడి జనాభా లెక్కల కాగితాలు బల్ల నిండా పరిచేది. తీరా చూస్తే బ్రిజిట్‌లు ముగ్గురు తేలారు. ఓడలో పందొమ్మిదేళ్లది, పదేళ్ల తర్వాతి లెక్కల్లో ఇరవై నాలుగేళ్లది, ఇంకో పదేళ్లకు ముప్పై ఏళ్లది. ఇందులో ఎవరు తన ముత్తవ్వో తెలియక రెండు నెలలుగా మామాకు తిండి సయించడం లేదు.

బల్ల తుడుస్తూ సుబ్బరత్నమ్మ ఆ అంకెలు చూసింది. ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు. బ్రిజిట్ ఏం పని చేసేదని అడిగితే, ఇళ్లలో పనిమనిషి అంది మామా. ఓస్, ఇంతేనా అనుకుంది సుబ్బరత్నమ్మ. ముగ్గురూ ఒక్కతేనని, వయసు మళ్లిందంటే ఇంటామె పంపించేస్తుందన్న భయంతో తగ్గించుకుంటూ పోయిందని తనకొచ్చిన ఇంగ్లీషులో తేల్చేసింది. మామా పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు సరిచూసుకుంది. నిజంగానే ఒక్కతే. సుబ్బరత్నమ్మను వాటేసుకుని ఏడ్చింది. బ్రిజిట్ ఎంత తెలివైన పిల్ల, బతకడానికి ఎన్ని పాట్లు పడిందో పాపం అంటూ కళ్లు తుడుచుకుంది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పక్కనే సబా అల్ సలేం పేటలో పనిచేసే నేస్తం పుష్పలత ఎప్పుడూ హెచ్చరించేది. కానీ ఎదురుగా అంత జాలి పొంగిపొర్లుతుంటే ఎవరాగగలరు? సుబ్బరత్నమ్మ తన ఎనిమిదేళ్ల సంగతి చెప్పేసింది. తానింకా ముసలిదాన్ని కాలేదని, రెండేళ్లు ఉంచుకోమని బతిమాలింది.

మామా కళ్లు అక్కడికక్కడే ఆరిపోయాయి. అది ఫోర్జరీ అంది. తప్పుడు కాగితం మీద ఇఖామా ఎలా కొట్టిస్తానంది. మరి బ్రిజిట్ చేసిందేమిటని అడిగితే, అది చరిత్ర అంది.

ఆ వారమే టికెట్టు తీసింది. బ్రిజిట్ కాగితాలు మూడూ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. ఉన్న నాలుగు రోజులూ వాటి దుమ్ము తుడిచింది సుబ్బరత్నమ్మే.

సంగతి విని పుష్పలత ఫోన్లో నానా తిట్లూ తిట్టింది. ఆ నోరు కాసేపు మూసుకుని ఉంటే ఏం పోయేదని నిలదీసింది.

సుబ్బరత్నమ్మకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"నూరేండ్లు పాతబడిన అబద్ధమైతే ముద్దొస్తాదంట పుష్పా. నేనే రోంత ఆలస్యంగా పుట్నా."