ఎర్ర చీర, పచ్చ అంచు

2022 శ్రావణమాసం, శుక్రవారం, పొద్దున పదకొండు గంటలు. గద్వాలలో మా మగ్గాల షెడ్డుకు బల్మూరు నుంచి మణెమ్మ, ఆమె బిడ్డ రూతు వచ్చిండ్రు.

మణెమ్మ తన పెండ్లికి ఎర్ర చీర, పచ్చ అంచు అడిగిందట. మొగుడు పచ్చ చీర, ఎర్ర అంచు తెచ్చిండు. వలస పోయిన ప్రతి ఊరికీ ఆ చీరనే మూటలో మోసింది. దాన్ని పట్టుకొని, అప్పుడు అడిగిన ఎర్ర చీర నేయించుకుందామని వచ్చింది. ఇప్పుడు చూపు పోతున్నది. దవాఖానల చేసేదేం లేదన్నరు.

"నేసేసరికి నాకు కనవడ్తదో లేదో. ముందుగాల చూపియ్యి" అన్నది.

మగ్గం మీదైతే దారాలు మారిస్తే చాలు. కంప్యూటర్ తెర మీద చూపాలంటే అక్షరాలు మార్చాలె. నేను నలభై దాటినంక అక్షరాలు నేర్చుకున్న. మా డిజైన్ కూడా అక్షరాల వరుసే: ఎరుపుకు ఎ, పచ్చకు ప, జరీకి జ. ఆ వరుసను స్ట్రింగ్ అంటరు. ఒక అక్షరం తీసి ఇంకోటి పెట్టుడు రీప్లేస్.

పాత చీర చూసుకుంట నేను ఒక్కో అక్షరం చెప్పిన, మా మరదలు పద్మ కంప్యూటర్ల కొట్టింది. అంతా అయినంక ప ఉన్నకాడల్లా ఎ పెట్టింది. వెంటనే ఎ లన్నీ ప చేసి సేవ్ కొట్టింది. మొదటి మార్పుకే రెండు రంగులు కలిసిపోయినయి. అంచు లేదు, చీర మీది చిలుకలు లేవు.

"మా ఆయన తెచ్చినదానికంటె పచ్చగ చేసిండ్రు గద!" అన్నది మణెమ్మ.

పద్మ మొఖం మాడింది. ఇంకో కాపీ లేదు.

"అక్కా, రేపు రాండ్రి" అన్న.

"రేపటి ముచ్చట నాకు చెప్పకు."

మళ్ల మొదటికెళ్లి చదివిన. ఈసారి పద్మ ఆగి ఆలోచించింది. "వదినా, ఎ లను ముందు చుక్కలు చేస్త. అప్పుడు ప లను ఎ చేస్త. ఆఖరికి చుక్కలను ప చేస్త."

తెర ఎర్రబడ్డది. అంచు పచ్చగ తేలింది. మణెమ్మ ముక్కు ఆనిచ్చి చూసింది.

"గిది కట్టుకొని పెండ్లిపీట మీద కూసుంటే ఎట్లుంటుంటినో."

"నేసినంక కట్టుకోవే అమ్మా" అన్నది రూతు.

"అది వేరే బిడ్డా."

చీర అయ్యేసరికి మణెమ్మ దాన్ని చేతులతోనే చూసింది.

ఒకదాని తావుల ఇంకోదాన్ని పెట్టాలంటే, మొదటిదాన్ని జర పక్కన నిలబెట్టాలె. తోసేస్తే మళ్ల దొరకదు. పనిలో నాకు తెలిసింది గిదే. బతుకుల ఆ వీలు లేదు.

ఆనాడు అక్కడున్నది బాలమ్మ అనే నేను, మా పద్మ, రూతు, మణెమ్మ.