లైన్లో ఉన్న బాలశౌరి

బాలశౌరికి ఎప్పుడు ఫోన్ చేసినా ఎంగేజే. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడుతున్నాడని కాదు. వాళ్లు మాట్లాడతారేమోనని ఎదురుచూస్తున్నాడని. పొద్దున పళ్లు తోముకుంటుండగా మొదలయ్యే ఆ పియానో సంగీతం సాయంత్రం కాల్ సెంటర్ మూసేదాకా ఆయన జేబులోంచి వినబడుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో ఒకావిడ "యువర్ కాల్ ఈజ్ ఇంపార్టెంట్ టు అస్" అంటుంది. ప్రతిసారీ ఆయన "ఫర్వాలేదమ్మా, ఉంటాను" అని మర్యాదగా జవాబిస్తాడు.

"అది రికార్డండీ" అని భార్య సుగుణకుమారి చెప్పి చూసింది.

"రికార్డైతే మాత్రం? పలకరించినప్పుడు పలకొద్దా" అన్నాడు.

ఆస్ట్రేలియాలోని పాయింట్ కుక్‌లో ఇళ్లముందు గడ్డి కోయడం ఆయన పని. చెవుల్లో ఆ సంగీతమే పెట్టుకుని మెషిన్ తోస్తుంటాడు. అవతల నిజం మనిషి గొంతు వినబడిందా, మెషిన్ అక్కడికక్కడే ఆగిపోవాల్సిందే. ఏ ఇంటిముందైనా గడ్డి సగం క్షవరం చేసి వదిలేసిన తలలా కనిపిస్తే, వీధిలోవాళ్లు "పాపం, ఎవరో ఫోన్ ఎత్తినట్టున్నారు" అనుకునేవాళ్లు.

ఒక శనివారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు కళ్లు మూసుకుని "ప్రభువా, మా మొర ఆలకించు" అని ఆగారు. అంతా నిశ్శబ్దం. బాలశౌరి జేబులోంచి "ప్లీజ్ స్టే ఆన్ ద లైన్" అని వినబడింది. సగంమంది ఆమెన్ అన్నారు.

వాళ్లింట్లో వెనకగదిలో అద్దెకుండే తేజస్వినికి మాత్రం ఇవేవీ నవ్వు తెప్పించేవి కావు. వరంగల్ నుంచి వచ్చి మాస్టర్స్ చేస్తున్న పిల్ల. ఆ పియానో వింటే ఒళ్లుమంట. ఆంటీ మోకాలి ఆపరేషన్ క్లెయిమ్ గురించి అంకుల్ ఇన్నేళ్లుగా పోరాడుతున్నాడని, ఆయనకు కాస్త పిచ్చి పట్టిందని అనుకునేది.

ఇన్సూరెన్స్ అన్న మాట వింటేనే ఆమె అక్కణ్నుంచి లేచిపోయేది. ఇక్కడికొచ్చిన రెండో సెమిస్టర్‌లో ఆమెకు కీళ్లవాతం బయటపడింది. నెలనెలా ఒక ఇంజెక్షన్ వేసుకోవాలి. మందులషాపులో ఆమె ముందు నిలబడిన పెద్దాయన అదే పెట్టెను కాఫీ డబ్బులు ఇచ్చినట్టు ఇచ్చి తీసుకెళ్లాడు. మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. స్టూడెంట్ వీసా వాళ్లకు ఆ భాగ్యం లేదు. వీసా రావాలంటే ఇన్సూరెన్స్ ప్రీమియం ముందే కట్టాలన్నారు, కట్టింది. ఆ ఇన్సూరెన్స్ మందు ఖర్చులో తిరిగిచ్చేది వారం రోజుల బస్సు ఛార్జీలకు కూడా రాదు.

దాంతో ఇంజెక్షన్ ఒక నెల వేసుకుని ఒక నెల మానేయడం మొదలుపెట్టింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "మంచిగనే ఉన్న అమ్మా" అనేది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. ఒకరోజు పచ్చడి సీసా మూత రెండు మణికట్ల మధ్య ఇరికించి తిప్పుతుంటే బాలశౌరి చూశాడు.

"ఏంది తల్లీ, వేళ్లకేమైంది?"

చెప్పింది. ఆయన మూత తీసిపెట్టి, "నీ పాలసీ నంబర్ చెప్పు" అన్నాడు.

"వద్దు అంకుల్. నేను అడిగిన. కుదరదన్నరు."

"అన్నది మనిషా, రికార్డా?"

"మనిషే."

"అయితే ఇంకో మనిషిని అడుగుదాం."

ఆ తర్వాత రోజు క్లాసు మధ్యలో ఆయన ఫోన్. "మనిషి లైన్లోకొచ్చింది, బయటికి రా, నిన్ను కలుపుతున్నా." తేజస్విని పరుగెత్తుకుంటూ బయటికొచ్చి మాట్లాడింది. కుదరదన్నారు. మరోరోజు సూపర్‌వైజర్ దొరికాడు. అతనూ చాలా మర్యాదగా, చాలా సేపు, కుదరదనే చెప్పాడు.

ఆ సాయంత్రం వంటింట్లో కూలబడి ఏడ్చేసింది. "అంకుల్‌కి చెప్పండి ఆంటీ, నా గురించి టైం వేస్ట్ చేసుకోవద్దని. ముందు మీ మోకాలి క్లెయిమన్నా తేలనియ్యుండ్రి."

సుగుణకుమారి గరిటె పక్కన పెట్టింది. "నాదా? అదెప్పుడో తేలిపోయిందమ్మా. కవర్ కాదన్నారు. పబ్లిక్ హాస్పిటల్ వెయిటింగ్‌లో పేరు రాయించుకుని, ఇట్టా కుంటుతా ఉన్నా."

"మరి అంకుల్ రోజూ ఎవరికోసం..."

"పక్కింటి విష్ణువర్ధన్ లేడూ, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటాడే, వాళ్లావిడ కాన్పు బిల్లు కోసం. మొన్నటిదాకా వీధి చివర శ్యామసుందరిగారి షుగర్ మందుల కోసం. వాళ్లు పనులు మానుకుని గంటలు గంటలు ఫోన్ పట్టుకోలేరు కదా. ఈయన లైన్లో ఉండి, మనిషి రాగానే వాళ్లని కలుపుతాడు." ఆవిడ మళ్లీ గరిటె అందుకుంది. "నా దానికి లైన్లో ఉన్నప్పుడే అన్నాడమ్మా, లేదనిపించుకోవడం కంటే ఒక్కళ్లమే ఆ పాట వినడం కష్టంగా ఉందే సుగుణా అని."



వారం తిరక్కుండా అంకుల్ నుంచి తేజస్వినికి మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి దొరికిన ఇన్సూరెన్స్ అమ్మాయి కూడా లేదనే చెప్పింది. కానీ బాలశౌరి లైన్ వదల్లేదు. "అమ్మా, రూల్సు నువ్వు రాసినవి కావు, నాకు తెలుసు. నీ చెల్లెలికి ఇట్టా వస్తే ఏం చేస్తావో అది చెప్పు" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, మందు తయారుచేసే కంపెనీవాళ్లే కొందరికి ఉచితంగా ఇస్తారని, స్పెషలిస్టు డాక్టరు చేత అడిగించమని చెప్పింది.

స్పెషలిస్టు అడిగాడు. తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. తేజస్విని ఆశ వదిలేసుకున్నాక, అంతా భోజనాల దగ్గర ఉండగా ఆమె ఫోన్ మోగింది. స్పెషలిస్టు క్లినిక్ నుంచి. కంపెనీవాళ్లు ఒక ఏడాదికి మందు ఇస్తామన్నారట, సోమవారం వచ్చి తీసుకోమన్నారు. ఆ తర్వాత సంగతి ఎవరికీ తెలియదు. అయినా ఆమె వాపు వేళ్లతో ఆంటీని గట్టిగా కరుచుకుంది.

బాలశౌరి మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని అనుమానంగా చూస్తున్నాడు.

"వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారా?"

"అవును అంకుల్."

"హోల్డ్‌లో పెట్టలేదా?"

"లేదు అంకుల్."

"ఒక్క నిమిషం కూడా?" ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాకెందుకో నమ్మకం కుదరట్లేదమ్మా. ఆ నంబర్ ఇటివ్వు, ఒకసారి చేసి కనుక్కుంటా."