ఎలపట నడిచిన మా నాయనమ్మ

నా చిన్నప్పుడు మా తాతయ్య ఎడ్లను చూసి కుళ్లుకోనివాళ్లు మా ఊళ్లో తక్కువ. రెంటచింతలకు దగ్గరలోనే మా పల్లె. ఎవరి మిరపకాయలైనా మాచర్ల దాకా తోలాలంటే ముందు మా ఇంటికే కబురు వచ్చేది. మా ఎండల్లో, ఆ రాళ్ల దారిలో ఆయన జత ఎక్కడా మొరాయించదని పేరు. ఆ పేరంటే మా తాతయ్యకు ప్రాణం. తలపాగా చుట్టుకోకుండా ఆయన ఏనాడూ బండి కట్టలేదు. పెళ్లికి వెళుతున్నాడా, బస్తాలకు వెళుతున్నాడా అని మా నాయనమ్మ ఆటపట్టించేది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఒక వేసవిలో, ఆ జతలో ఒకటి గొంతువాపు వచ్చి చూస్తుండగానే చచ్చిపోయింది. పోయింది ఎలపటిది, అంటే కాడికి కుడివైపు కట్టేది. ఎడమవైపు కట్టే దాపటిది మిగిలింది. ఎడ్లతో బతికినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే ఎద్దు జీవితాంతం ఆ పక్కనే నడుస్తుంది. తోడు లేకపోయినా, పక్క మారినా బెదిరి నిలబడిపోతుంది. ఆ జత కొన్నప్పుడు చేసిన అప్పు ఇంకా తీరలేదు. మాకున్న మెట్టచేను ఆ ఏడు గింజ ఇవ్వలేదు. బండి కదిలితేనే మా పొయ్యిలో నిప్పు.

తాతయ్య నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అంత గట్టి మనిషి ఇలా అయిపోయాడే అని నాకు భయం వేసేది. చూడవచ్చినవాళ్లు తలా ఒక సలహా పారేసి వెళ్లేవాళ్లు. అందరి మాటా చివరకు ఒకటే, మిగిలినదాన్ని కూడా అమ్మేయమని. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఎడ్ల బేరగాడు కూడా వచ్చి, ఒంటెద్దు ఎవరికి కావాలని పెదవి విరిచి, సగానికి సగం ధర చెప్పి, సంతరోజు వచ్చి తోలుకుపోతానన్నాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు. ఆ ఎద్దు పోతే ఇంక బండీ ఉండదు. అంత పేరున్న మనిషి ఎవరింట్లోనో పాలేరుగా చేరాలి. మంచం మీద తాతయ్య దానికి సిద్ధపడిపోయాడని మా నాయనమ్మకు అర్థమైంది.

అప్పుడు మా వీధి చివర ఒక షావుకారు మేడ కట్టిస్తున్నాడు. గోడలకు సున్నం నూరే గానుగ మా ఇంటికి కనిపించేంత దూరంలోనే ఉండేది. గుండ్రంగా రాతి గాడి, అందులో దొర్లే పెద్ద రాతి చక్రం, దాన్ని తిప్పడానికి ఒక్క ఎద్దు చాలు. మేస్త్రి ఎద్దు కోసం వెతుకుతున్నాడని తెలిసి నాయనమ్మ తాతయ్య దగ్గర మెల్లగా మాట కదిపింది. ఆయన గోడవైపు నుంచి తల కూడా తిప్పలేదు.

“నా ఎద్దును గానుగకు కడతావంటే? బండోళ్లలో నా మొహం ఎట్టా చూపిచ్చేది?”

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ తానే దాపటిదాన్ని విప్పి గానుగ దగ్గరికి తోలుకెళ్లింది. వెనక నేను. మేస్త్రి దాన్ని చక్రం తిప్పే దూలానికి కట్టాడు. అది కదలలేదు. అదిలించారు, తోక మెలిపెట్టారు. కుడివైపు ఖాళీ చూసుకుంటూ అలాగే నిలబడింది. మేస్త్రి చెర్నాకోల ఎత్తబోతే నాయనమ్మ అడ్డం వెళ్లి, కాస్త ఆగు నాయనా అని గబగబా ఇంటికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో పోయిన ఎద్దు మువ్వల పట్టెడ ఉంది. దాన్ని తన మెడలో వేసుకుంది. కొంగు బిగించి, ఎద్దుకు కుడిపక్కన, ఎలపటిది ఉండాల్సిన చోట నిలబడి అడుగు వేసింది. మువ్వలు మోగాయి. దాపటిది చెవులు రిక్కించింది, తల ఆమెవైపు తిప్పింది, తర్వాత నడిచింది.

రాళ్లు మోసే ఆడవాళ్లు తట్టలు దించి మరీ నవ్వారు. మా పక్కింటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకైతే నేల చీలితే దూరిపోదామనిపించింది. నాయనమ్మ ఎవరినీ చూడలేదు. గాడి అంచున చుట్లు తిరుగుతూనే ఉంది. తడి సున్నం చింది కాళ్ల మీద పడుతోంది. అది పడితే ఎంత మంటో సున్నం పని చేసినవాళ్లను అడగండి.

చచ్చిన ఎద్దు మువ్వలు వీధిలో మోగుతుంటే తాతయ్య ఎంతసేపని పడుకుంటాడు? తలకు గుడ్డ కూడా లేకుండా బయటికి వచ్చాడు. గానుగ దగ్గర నిలబడి, నాయనమ్మ ఎదురుగా వచ్చి మళ్లీ అవతలికి వెళ్లేదాకా చూశాడు. ఆయన ముఖం చూడలేక నేను కళ్లు దించుకున్నాను. ఆమె మళ్లీ దగ్గరికి వచ్చినప్పుడు చేయి చాపాడు.

“కాళ్లు పుండ్లు పడతాయే. ఇటియ్యి, తప్పుకో.”

నాయనమ్మ పట్టెడ తీసి ఇచ్చింది. ఆయన మెడలో వేసుకుని నడిచాడు. పొద్దు వాలేదాకా నడిచాడు. నవ్వేవాళ్లు కాసేపు నవ్వి వాళ్ల పనుల్లో పడ్డారు. నవ్వు ఎంత తొందరగా అలిసిపోతుందో నేను ఆరోజు చూశాను.

సంతరోజు బేరగాడు వచ్చి ఉత్త చేతులతో వెళ్లాడు. ఆ మేడ పూర్తయ్యాక గురజాలలో ఇంకో పని దొరికింది. ఆ తర్వాత ఇంకోటి. రాత్రి కాళ్లకు ఆముదం పట్టించుకోవడం, పొద్దున్నే మళ్లీ కాడి ఎత్తుకోవడం. ఒకపూట జొన్నకూడు, ఒకపూట గంజి. కొంతకాలానికి ఎలపట అలవాటైన కోడె మా గాటికి వచ్చింది. బండి మళ్లీ మాచర్ల దారి పట్టింది. అప్పు కూడా తీరింది, కాకపోతే నిదానంగా.

నా పెళ్లయిన కొన్నేళ్లకు మా ఆయన పత్తి వ్యాపారం మునిగింది. ఆయన కిరాణా కొట్టు కూడా మూసేసి, దుప్పటి ముసుగేసుకున్నాడు. చెప్పి చెప్పి విసిగిపోయి పుట్టింటికి వచ్చి నాయనమ్మ దగ్గర ఏడ్చాను. అప్పటికి తాతయ్య లేడు. మాటల్లో ఆ గానుగ సంగతి వచ్చింది. నువ్వు పక్కన నడవకపోతే ఆ ఎద్దు కదిలేదే కాదు కదా అన్నాను. ఆమె బోసినోటితో నవ్వింది.

“ఎద్దుకేందే పిచ్చిదానా. మేత చూపిస్తే అదే నడిచేది. కదలాల్సింది మీ తాత.”

మర్నాడే అత్తగారి ఊరికి తిరిగి వెళ్లాను. కొట్టు తలుపు నేనే తీసి, వాకిలి నేనే ఊడ్చి, తక్కెడ పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఎన్నాళ్లకు వచ్చాడని అడక్కండి. వచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు కుంగిపోయినా నేను ధైర్యం చెప్పను. వాళ్లకు వినిపించేంత దగ్గరలో పని మొదలుపెడతాను.